వేసవి సెలవులు ఎవరింట్లో?

మార్చి మూడో వారం. పరీక్షల టైంటేబుల్ వచ్చింది. బడి నుంచి వచ్చిన పాప సంచీ ఓ మూల పడేసి, "అమ్మా, ఈసారి సెలవులకి ఎక్కడికెళ్తున్నా?" అని అడిగింది. మీరేమన్నారు? "చూద్దాంలే, ముందు పరీక్షలు కానీ" అన్నారు కదూ? అవతల నాన్న కూడా ఫోన్లో అదే మాట అన్నాడు. ఏప్రిల్ 23 బడికి ఆఖరి రోజు. 22 రాత్రి దాకా ఇద్దరూ చూస్తూనే ఉన్నారు. ఆ రాత్రి పదింటికి మొదలైన మెసేజీలు పన్నెండయ్యేసరికి తిట్లయ్యాయి. తెల్లారి పెద్దవాళ్లు రంగంలోకి దిగారు. పక్కగదిలో నిద్ర నటిస్తున్న పాపకు ఇదంతా వినపడలేదంటారా?

విడిగా ఉంటున్న అమ్మానాన్నల మధ్య సెలవులప్పుడు రేగే గొడవల్లో చాలావాటికి మూలం తేదీలు ముందుగా రాసుకోకపోవడం. పగలూ పంతాలూ ఉంటాయి, లేవనను. కానీ తేదీ రాసి ఉన్నచోట పంతం దూరడానికి సందు తక్కువ. ఆ సందులు ఒక్కొక్కటీ ఎలా మూయాలో ఈ అధ్యాయంలో చూద్దాం. కోర్టులో విడాకులు తీసుకున్నవాళ్లకీ, కేసు నడుస్తున్నవాళ్లకీ, ఏ కాగితమూ లేకుండా పెద్దమనుషుల మాట మీద వేరుగా ఉంటున్నవాళ్లకీ కూడా ఇది పనికొస్తుంది. మన దగ్గర ఈ మూడో రకం జంటలూ ఉన్నారు. వాళ్లకు కాగితం లేదు కాబట్టి తేదీల అవసరం ఇంకా ఎక్కువ.

కాస్త కటువైన మాట ఒకటి ముందే చెప్పేస్తాను. విడిపోయిన మొదటి రెండు మూడేళ్లు "ఎవరికి వీలైనప్పుడు వాళ్లు తీసుకెళ్దాం, సర్దుకుపోదాం" అనే ఉదారత మీకు అచ్చిరాదు. సర్దుకుపోవడం అంత తేలికైతే ఇంతదాకా వచ్చేవారా? ముందు గట్టి తేదీలు పెట్టుకోండి. అవి రెండేళ్లు మాట తప్పకుండా నడిస్తే సడలింపులు వాటంతటవే వస్తాయి.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ప్రకారం ఐదేళ్లు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గర ఉంటుంది. ఏ నిర్ణయంలోనైనా అన్నిటికన్నా ముందు చూడాల్సింది బిడ్డ మేలు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కూడా బిడ్డ మేలునే చూడమంటుంది. బిడ్డ ఒకరి దగ్గర ఉంటున్నా రెండోవారి ప్రేమకు దూరం కాకూడదనీ, వేర్వేరు రాష్ట్రాల్లో, దేశాల్లో ఉన్నప్పుడు ఫోనులో, వీడియోలో పలకరించుకునే హక్కు కూడా ముఖ్యమేననీ సుప్రీంకోర్టు 2020లో ఒక తీర్పులో చెప్పింది. అంతవరకూ బాగానే ఉంది. భోగి పొద్దున పిల్లవాడు ఏ ఇంట్లో నిద్ర లేవాలో మాత్రం ఏ చట్టమూ చెప్పదు. అది మీరిద్దరే రాసుకోవాలి.

1. సంక్రాంతి అయిన వారంలోనే వేసవి సంగతి ఎత్తండి

"అప్పుడే ఎందుకు? ఇంకా మూడు నెలలుందిగా!" అంటారేమో. రైలు టికెట్ల సంగతే చూడండి. 2024 నవంబరు నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందు మాత్రమే తెరుచుకుంటోంది. ఏప్రిల్ 24 ప్రయాణానికి ఫిబ్రవరి నాలుగో వారంలో టికెట్ తీయాలి. అప్పటికి తేదీ ఖాయం కాకపోతే వెయిటింగ్ లిస్టే గతి. ఆఫీసులో సెలవు పెట్టాలన్నా అంతే, మే నెల సెలవులకు పోటీ ఎక్కువ. అన్నిటికన్నా ముఖ్యమైనది కోర్టు. మాటలతో కుదరక కోర్టును అడగాల్సి వస్తే మే నెలలో సివిల్ కోర్టులకూ హైకోర్టుకూ వేసవి సెలవులే. వెకేషన్ కోర్టులు ఉంటాయి గానీ వాటికి అత్యవసరాలతోనే సరిపోతుంది. "వేసవిలో నెల రోజులు బాబును నా దగ్గరికి పంపేలా చూడండి" అనే పిటిషన్ ఏప్రిల్ 20న వేస్తే లాయరు ఫీజు తప్ప మిగిలేది ఉండదు. ఫిబ్రవరిలో మాట కుదరలేదా, మార్చి మొదటి వారంలో వేయండి.

2. "సెలవుల్లో సగం" అని రాసుకోకండి

రాజీ పత్రాల్లో ఈ మాట తరచూ కనిపిస్తుంది: "వేసవి సెలవుల్లో సగం తండ్రి వద్ద." ఏ సగం? మొదటిదా, రెండోదా? లెక్క ఆఖరి పరీక్ష రాసిన రోజు నుంచా, బడి మూసిన రోజు నుంచా? సమ్మర్ క్యాంపు రోజులు ఎవరి ఖాతాలోకి? మూడేళ్లు పోట్లాడుకోవడానికి ఆ ఒక్క వాక్యం చాలు.

కాబట్టి ముందు బడి ఇచ్చిన డైరీ ముందు పెట్టుకోండి. మన రెండు రాష్ట్రాల్లో స్టేట్ సిలబస్ బడులు మామూలుగా ఏప్రిల్ 23న మూసి జూన్ 12న తెరుస్తారు. అంటే మధ్యలో 49 రోజులు. సీబీఎస్ఈ బడుల్లో పరీక్షలు మార్చిలోనే అయిపోతాయి, కొత్త తరగతి కొన్ని వారాలు నడిచాక సెలవులిస్తారు. తేదీలు బడికో తీరు. పెద్దవాడు ఒక బడిలో, చిన్నది ఇంకో బడిలో ఉంటే రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టి, ఇద్దరికీ కలిసొచ్చే రోజులకు రంగు వేయండి. పంపకం ఆ రంగు వేసిన రోజుల్లోనే. అన్నాచెల్లెళ్లను సెలవుల్లో కూడా విడదీయాల్సిన అవసరం ఏముంది?

తర్వాత తీసివేతలు. 49 రోజుల్లో రెండు వారాలు ఈత నేర్చుకునే క్లాసో, సంగీతమో, కరాటేనో ఉంది. ఆఖరి వారం పుస్తకాలకు అట్టలు వేయడానికి, యూనిఫాం కుట్టించడానికి, పొద్దున్నే లేచే అలవాటు మళ్లీ చేయడానికి పోతుంది. ఈ ఆఖరి వారం గురించి నాదొక గట్టి అభిప్రాయం: అది ఎప్పుడూ బడికి వెళ్లే ఇంట్లోనే గడవాలి, ఎవరి వాటాలోనూ లెక్క వేయకూడదు. జూన్ 11 రాత్రి బస్సు దిగి 12 పొద్దున కొత్త తరగతిలో కూర్చున్న పిల్లవాడికి మొదటి వారమంతా నిద్రమత్తే. పైగా "బూట్లు కొనే పని నాకు, తిప్పే పని నీకు" అనే పాత దెప్పుడు ప్రతి జూన్‌లో లేస్తుంది. ఇవన్నీ తీసేస్తే పంచుకోవడానికి మిగిలేది 28 రోజులు.

ఇప్పుడు మిమ్మల్నే ఒక ప్రశ్న అడుగుతాను. ఇందులో మీకు సగం కావాలంటున్నారు సరే, ఆఫీసు మీకు ఎన్ని రోజులు సెలవిస్తుంది? ఆరు రోజులే దొరికే తండ్రి పద్నాలుగు అడిగాడంటే మిగతా ఎనిమిది రోజులు పాప ఎవరితో ఉంటుంది? నానమ్మతోనా? తప్పేం లేదు. మన పిల్లలకు వేసవి అంటేనే తాతగారి ఊరు, మామిడికాయలు, డాబా మీద పడకలు. అయితే ఆ మాట బయటికి చెప్పండి. "ఆరు రోజులు నాతో, ఎనిమిది రోజులు ఊళ్లో నానమ్మ దగ్గర. సాయంత్రం నేను ఫోన్ చేస్తాను, ఆదివారం వెళ్లొస్తాను" అంటే అవతలి మనిషి ఒప్పుకునే అవకాశం ఎక్కువ. దాచిపెట్టి, తర్వాత పాప నోటి నుంచి బయటపడితే వచ్చే ఏడు ఒక్క రోజు దొరకడం కూడా కష్టమవుతుంది.

3. పిల్లల వయసు చూసి కోత వేయండి

మూడేళ్ల బిడ్డకూ పదమూడేళ్ల బిడ్డకూ ఒకే పట్టిక పనికిరాదు. ఐదేళ్ల లోపు పిల్లలకు పద్నాలుగు రోజులంటే యుగం. వాళ్లకు మూడు నాలుగు రోజుల చొప్పున, మళ్లీ ఇంటికొచ్చి, మళ్లీ వెళ్లడం మేలు. ఆరు నుంచి తొమ్మిదేళ్ల వాళ్లు వారం పది రోజులు హాయిగా ఉంటారు, మధ్యలో ఒకసారి రెండోవాళ్లు కనబడితే ఇంకా మంచిది. పదేళ్లు దాటాక ఒకేసారి రెండు మూడు వారాలు ఉండగలరు. పద్నాలుగు దాటినవాళ్ల దగ్గర మీ పట్టిక అంత సులభంగా సాగదు. వాళ్లకు స్నేహితులున్నారు, క్రికెట్ టోర్నమెంటు ఉంది. పదో తరగతికో ఇంటర్‌కో వచ్చారంటే సెలవుల్లో సగం కోచింగే తినేస్తుంది. అలాంటప్పుడు రోజుల లెక్క వదిలేసి, వాళ్లనే కూర్చోబెట్టి పట్టిక గీయించండి.

ఇక్కడ ఒక హెచ్చరిక. పెద్ద పిల్లల్ని సలహా అడగడం వేరు, చిన్న పిల్లల్ని తీర్పు చెప్పమనడం వేరు. "ఎవరి దగ్గర ఉంటావు కన్నా, అమ్మ దగ్గరా నాన్న దగ్గరా?" అన్న ప్రశ్న ఏడేళ్ల బిడ్డను అడగకండి, ముద్దు చేస్తూ కూడా అడగకండి. ఏ జవాబు చెప్పినా ఒకరికి అన్యాయం చేసినట్టు ఆ బిడ్డకు తెలుసు. "ఈ సెలవుల్లో నీకు ఏమేం చేయాలనుంది?" అని అడగండి. సముద్రం చూడాలి అంటుంది, తాతయ్యతో పొలానికెళ్లాలి అంటుంది, ఏమీ చేయకుండా పడుకోవాలి అని కూడా అంటుంది. ఏది ఎవరింట్లో జరుగుతుందో మీరు సర్దండి.

4. పండగల్ని ముక్కలు చేయకండి, మార్చుకోండి

వేసవి పొడుగ్గా ఉంటుంది కాబట్టి కోయొచ్చు. పండగ అలా కాదు. తల్లిది కరీంనగర్, తండ్రిది భీమవరం అనుకుందాం. ఆవిడకు బతుకమ్మలో పాప పక్కన లేకపోతే ఆ తొమ్మిది రోజులూ వెలితే. ఆయనకు సంక్రాంతికి కొడుకు ఊళ్లో లేకపోతే అడిగినవాళ్లందరికీ జవాబు చెప్పుకోలేని పరిస్థితి. ఇలాంటివాళ్లు అదృష్టవంతులు. దసరా సెలవులు ఆమెకు, సంక్రాంతి సెలవులు ఆయనకు, ప్రతి ఏడూ ఇంతే అని రాసేసుకోవచ్చు. లెక్క కూడా చూసుకోండి: తెలంగాణ బడుల్లో దసరాకు ఎక్కువ రోజులిస్తారు, ఆంధ్రలో సంక్రాంతికి వారం పైనే ఇస్తారు. బిడ్డ చదివే బడి ఏ రాష్ట్రంలో ఉందో చూసుకుని తేడా వచ్చిన రోజులు వేసవిలో కలపండి.

ఇద్దరిదీ ఒకే ప్రాంతమైతే? ఇద్దరికీ సంక్రాంతే కావాలంటే? సరి సంవత్సరం ఒకరికి, బేసి సంవత్సరం మరొకరికి. వేరే దారి లేదు. "భోగి మా ఇంట్లో, పెద్దపండగ మధ్యాహ్నం నుంచి మీ ఇంట్లో" అనేది ఇద్దరూ ఒకే ఊళ్లో ఉన్నప్పుడే కుదురుతుంది. ఒకరు హైదరాబాదులో, మరొకరు రాజమండ్రిలో ఉండి పండగను ఇలా చీల్చారంటే పిల్లవాడు గొబ్బెమ్మల బదులు పంతంగి టోల్‌గేటు దగ్గర కార్ల వరస చూస్తాడు.

దసరాకు మాత్రం ఒక వెసులుబాటుంది. సద్దుల బతుకమ్మకూ విజయదశమికీ మధ్య మామూలుగా ఒక రోజు ఎడం ఉంటుంది. ఇద్దరూ దగ్గర ఊళ్లవాళ్లైతే సద్దుల దాకా అమ్మ దగ్గర, మర్నాడు ప్రయాణం, జమ్మి చెట్టు దగ్గరికి నాన్నతో. ఇది నడుస్తుంది.

రాసేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకోండి. సంక్రాంతి జనవరి 14, 15 తేదీల్లోనే వస్తుంది గానీ దసరా సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు దాకా జరుగుతుంది. రంజాన్ అయితే ఏటా పది పదకొండు రోజులు ముందుకొస్తుంది, బడి సెలవులతో దానికి పొంతన ఉండదు. ఇద్దరి మతాలూ వేరైన ఇళ్లలో ఈ పొరపాటు ఎక్కువ జరగొచ్చు. అందుకని తేదీ బదులు పండగ పేరు రాయండి: "బడి దసరా సెలవులు ఇచ్చిన రోజు సాయంత్రం 6 నుంచి..."

5. బిడ్డ చేతులు మారే పది నిమిషాలు

సెలవులన్నిట్లో పిల్లలకు బరువైనవి ఈ పది నిమిషాలే. అమ్మ గేటు దగ్గర బిగుసుకుని నిలబడింది. నాన్న కారు దిగలేదు, హారన్ కొట్టాడు. మధ్యలో ఆరు అడుగుల దూరం పాప సంచీ మోసుకుంటూ నడవాలి. ఎటు తిరిగి టాటా చెప్పాలో తెలియదు.

దీనికి నేను చెప్పే పద్ధతి ఒకటుంది. తీసుకెళ్లడానికి వచ్చే బదులు దించి రండి. ఎవరి వంతు పూర్తయిందో వాళ్లే బిడ్డను రెండో ఇంటికి తీసుకెళ్లి అప్పగించాలి. "అమ్మే నన్ను నాన్న దగ్గరికి తీసుకెళ్లింది" అంటే అమ్మకు ఇష్టమేనని బిడ్డకు తెలుస్తుంది. నాన్న వచ్చి తీసుకెళ్లాడంటే లాక్కెళ్లినట్టుంటుంది. చూడటానికి చిన్న తేడానే గానీ చాలా పెద్దది.

ఊళ్లు దూరమైతే సగం దారిలో కలవండి. హైదరాబాదుకూ విజయవాడకూ మధ్య సూర్యాపేట దాదాపు సగం దూరం. హైవే మీద హోటల్లో టిఫిను తిని, అక్కడే సంచీ చేతులు మార్చుకుని ఎవరి దారిన వాళ్లు వెళ్లొచ్చు. నలుగురిలో గొంతులు లేవవు, అదొక లాభం. ఎదురుపడితే చాలు మాటకు మాట పెరిగే జంటైతే మేనమామనో బాబాయినో పంపండి. ఎవరు వస్తారో ముందే చెప్పాలి, ఎవర్ని పడితే వాళ్లను పంపకూడదు.

రైలైతే వెళ్లే టికెట్టూ వచ్చే టికెట్టూ దేని రిజర్వేషన్ తెరుచుకున్న రోజే అది తీసి, రెండూ రెండోవారికి పంపండి. తిరుగు టికెట్టు కంటపడ్డాక "అసలు తిరిగి పంపుతాడా?" అనే భయం సగం పోతుంది. ఇంకో చిన్న సంగతి, ఐదేళ్లు నిండి పన్నెండు నిండని పిల్లలకు సగం టికెట్టు తీస్తే బెర్తు రాదు. రాత్రి ప్రయాణమైతే పూర్తి టికెట్టు తీయండి. బిడ్డను ఇరుకులో కూర్చోబెట్టి తెచ్చారని ఒక మాట పడటం ఎందుకు?

6. సంచీలో ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు

మందులు, వేసే వేళలు కాగితం మీద రాసి. కళ్లజోడు. ఆధార్ నకలు. బడివాళ్లు ఇచ్చిన హాలిడే హోంవర్క్, అందులో ఎన్ని పేజీలు ఎవరింట్లో చేయించాలో గుర్తు పెట్టి మరీ. లేదంటే మొత్తం రాసే పని జూన్ 10 రాత్రి ఒక్కరి నెత్తిన పడుతుంది. చిన్నపిల్లలైతే పట్టుకు పడుకునే దుప్పటి.

పెట్టకూడనిది ఫీజు రసీదు. "మీ నాన్నకివ్వు" అని చెప్పి పంపే ఏ కాగితమూ వద్దు. డబ్బు విషయాలు పెద్దవాళ్ల ఫోన్ల మధ్యే ఉండాలి. అలాగే "భరణం పంపలేదు కాబట్టి బాబును పంపను" అనేది కూడా వద్దు. డబ్బు రాకపోతే దానికి కోర్టులో వేరే దారి ఉంది. బిడ్డను చూసే హక్కుకు దాన్ని ముడిపెడితే న్యాయం మీ వైపున్నా జడ్జి ముందు మీరే తేలికైపోతారు.

బట్టల లెక్క మానేయండి. ఆరు జతలు పంపితే నాలుగే తిరిగొచ్చాయని ఫోన్ చేసి అడగడం కన్నా ఆ ఇంట్లో నాలుగు, ఈ ఇంట్లో నాలుగు ఉంచేయడం చవక.

7. మూడు షరతులే పెట్టండి

ఊరికి పంపుతున్నామంటే తల్లికి గుబులే. ఎండ, చెరువు, తాతగారి స్కూటరు, వీధికుక్క... ముప్పై జాగ్రత్తలు రాసి పంపితే అవతలివాళ్లు ఒక్కటీ చదవరు. నిజంగా ప్రాణం మీదికొచ్చేవి మూడే తీసుకోండి. పెద్దవాళ్లు తోడు లేకుండా చెరువు, బావి, క్వారీ గుంతల వైపు వెళ్లకూడదు. హెల్మెట్ లేకుండా బండి ఎక్కకూడదు. మధ్యాహ్నం పదకొండు నుంచి నాలుగు దాకా ఎండలోకి పోకూడదు. అంతే. కూల్‌డ్రింకు తాగిందా, రాత్రి పదకొండు దాకా టీవీ చూసిందా, తలకు నూనె పెట్టారా అనేవి ఆ ఇంటి పద్ధతులకు వదిలేయండి. మీ ఇంట్లో పద్ధతులు మీవైనట్టే ఆ ఇంట్లో వాళ్లవి. వారం రోజులు తలకు నూనె లేకపోతే ఏ పిల్లా పాడైపోలేదు.

8. ఫోను: వేళ, నిడివి, ప్రశ్నలు

రోజుకొకసారి, చెప్పిన వేళకు, పదినిమిషాలు. ఐదుసార్లు చేసే తల్లి, రెండు రోజులు మరిచిపోయే తండ్రి, ఇద్దరూ బిడ్డకు ఇబ్బందే. అవతల ఉన్నవాళ్లు ఫోను బిడ్డ చేతికిచ్చి పక్కకెళ్లాలి. స్పీకరు పెట్టి వినకూడదు.

ఏం అడుగుతున్నారో కూడా చూసుకోండి. "అక్కడ ఎవరెవరు ఉన్నారు? నాన్న ఎన్నింటికి ఇంటికొస్తున్నాడు? కొత్తావిడ ఎవరైనా వస్తోందా?" ఇవి పలకరింపులు కావు, పోలీసు విచారణ. "నేను లేకుండా నీకు నిద్ర పడుతోందా?" అనేది ఇంకా ప్రమాదం. నిద్ర పడుతోందని చెబితే అమ్మ బాధపడుతుందని ఆ బిడ్డ అబద్ధం చెబుతుంది. మరేం అడగాలి? "ఇవాళ ఏం ఆడారు? కుక్కపిల్లకి పేరు పెట్టారా?" చాలు.

9. అమ్మమ్మకూ నానమ్మకూ ముందే చెప్పండి

సెలవుల ఒప్పందం మీరిద్దరూ రాసుకుంటారు. దాన్ని చింపేసేది మాత్రం చాలాసార్లు మూడో మనిషి. "నా బంగారు తండ్రీ, మీ అమ్మ నిన్ను మాకు చూపించకుండా చేసిందిరా" అని నానమ్మ కళ్లొత్తుకుంటుంది. అటువైపు అమ్మమ్మ "ఆ ఇంట్లో నీకు కడుపునిండా పెట్టి ఉండరు" అంటుంది. ఇద్దరిదీ ప్రేమే, విషం చిమ్మాలని కాదు. కానీ విన్న పిల్లవాడికి ప్రతి ముద్దా బరువవుతుంది.

మీ అమ్మకు మీరే చెప్పాలి. అవతలివాళ్లు చెబితే యుద్ధమే. "అమ్మా, వాడి ముందు వాళ్లమ్మ ఊసెత్తొద్దు. నాతో ఎంతైనా అను, వింటాను" అనండి. ఆవిడ కోపానికి ఒక దారి చూపించారు కాబట్టి వింటుంది.

10. మే నెల పెళ్లిళ్లు

వైశాఖం, జ్యేష్ఠం అంటే ముహూర్తాలు. పంతులుగారు ముహూర్తం పెట్టేటప్పుడు మీ రాజీ పత్రం చూడరు. పాప నాన్న దగ్గరుండే వారంలోనే మేనమామ పెళ్లి పడుతుంది. పంపకపోతే పగ, పంపితే నాన్న వాటాలో కోత. ముందే ఒక నియమం రాసుకోండి: మేనమామ, పిన్ని, బాబాయి, మేనత్త పెళ్లిళ్లకు మాత్రమే మినహాయింపు. నెల ముందు చెప్పాలి. ఎన్ని రోజులు తీసుకుంటే అన్ని రోజులు అదే వేసవిలో తిరిగివ్వాలి. దూరపు చుట్టాల పెళ్లిళ్లకు బిడ్డ లేకపోయినా అక్షింతలు పడతాయి.

ఒకరు విదేశంలో ఉంటే

ఇక్కడ ముందుగా రెండు దేశాల బడి క్యాలెండర్లు పక్కపక్కన పెట్టాలి. టెక్సాస్‌లో సెలవులు మే చివర మొదలై ఆగస్టు మధ్యదాకా ఉంటాయి. న్యూజెర్సీలో జూన్ మూడో నాలుగో వారం దాకా బడులే, మళ్లీ తెరిచేది సెప్టెంబరులో. మన సెలవులేమో జూన్ 12కి సరి. అంటే న్యూజెర్సీలో చదివే బిడ్డ జూలైలో నాన్న దగ్గరికి హైదరాబాదు వస్తే బాబాయి పిల్లలందరూ బడికెళ్లిపోయి ఉంటారు, ఇంట్లో తాతయ్య ఒక్కరే. తీసుకురావద్దని కాదు. ఆ పగళ్లు ఎలా గడపాలో ముందే అనుకోండి. అమెరికా బడుల క్రిస్మస్ సెలవులు జనవరి మొదట్లోనే అయిపోతాయి, సంక్రాంతి అందదు. ఆశపెట్టకండి.

కాగితాల సంగతి కూడా ముందే. పిల్లల భారత పాస్‌పోర్టు మామూలుగా ఐదేళ్లకే, లేదా పద్దెనిమిది నిండేదాకా, ఏది ముందైతే అది. కొత్తది తీయాలంటే మామూలుగా ఇద్దరు తల్లిదండ్రుల సంతకాలూ కావాలి. ఒకరి సంతకం దొరకనప్పుడు ఇవ్వాల్సిన పత్రం వేరే ఉంది. ప్రయాణానికి నెల ముందు ఈ సంతకం కోసం బతిమాలుకోవడం మొదలెడితే బేరాలు మొదలవుతాయి. పిల్లల్ని ఒక దేశం నుంచి ఇంకో దేశానికి తీసుకెళ్లి తిరిగి పంపకపోవడం గురించి 1980లో హేగ్‌లో కుదిరిన ఒప్పందంలో భారతదేశం చేరలేదు. అందుకే విదేశంలో ఉన్నవాళ్లకు పిల్లల్ని ఇండియాకు పంపాలంటే భయం. ఆ భయాన్ని వెటకారం చేయకండి. తిరుగు టికెట్టు, నోటరీ చేయించిన అంగీకార పత్రం, ఉండబోయే ఇంటి చిరునామా మీరే ముందుగా పంపండి.

మాట తప్పితే?

రెండు గంటలు ఆలస్యమైతే ఊరుకోండి, దారి పొడుగునా ట్రాఫిక్. ఒక రోజు ఆలస్యమైతే మెసేజ్‌లో తేదీ వేసి రాసి పెట్టుకోండి, తిట్టొద్దు. వరుసగా రెండు సెలవులు ఇలాగే జరిగితే ఫ్యామిలీ కోర్టు కౌన్సిలర్ దగ్గరికో మీడియేషన్‌కో వెళ్లి, మీ పట్టికను కోర్టు ఉత్తర్వులో చేర్పించండి. అప్పుడు మీ చేతిలో ఉన్న ఆ తేదీల మెసేజీలే పనికొస్తాయి. ప్రతీకారంగా "నువ్వు ఒక రోజు తిన్నావు, నేను రెండు రోజులు ఆపుతా" అనే దారి మాత్రం పట్టకండి. ఆ లెక్క ఎక్కడా తేలదు.

"ఇదంతా ఇద్దరూ కలిసి కూర్చుంటే కదండీ, ఆయన నా మెసేజీకే జవాబివ్వడు" అంటారా? కూర్చోనక్కర్లేదు. మొత్తం ఏడాది పట్టిక కుదరకపోతే ఈ వేసవి, దసరా, సంక్రాంతి వరకే అడగండి. పాత సంగతులు ఒక్క ముక్క కూడా రాయకండి, "ఎప్పుడూ మీరిలాగే" అని మొదలెట్టకండి. పది రోజుల్లో జవాబు రాకపోతే అదే మెసేజ్‌ను మాట మార్చకుండా మళ్లీ పంపండి. ఎలా రాయాలో తోచకపోతే ఇది చూసి రాసుకోండి, తేదీలు మాత్రం మీవి వేసుకోండి:

"నమస్తే. పాప బడివాళ్లు ఇచ్చిన సెలవుల పట్టిక ఫొటో పెడుతున్నాను. ఏప్రిల్ 24 ఉదయం 10 గంటలకు నేనే పాపను మీ ఇంట్లో దింపుతాను. మే 8 సాయంత్రం 5కి మీరు మా ఇంటి దగ్గర దింపండి. రోజూ రాత్రి ఏడున్నరకు పదినిమిషాలు ఫోను, జూన్ మొదటి వారం నుంచి బడి తయారీ ఇక్కడే. ఈ ఏడు దసరా మా దగ్గర, సంక్రాంతి మీ దగ్గర. వచ్చే ఏడు దీనికి తిరగేసి. అత్తయ్యగారు పాప కోసం ఆవకాయ పెట్టే రోజు చెబితే ఆ రోజుకు అక్కడే ఉండేలా తేదీలు కాస్త జరుపుతాను. మార్పులేమైనా ఉంటే ఈ ఆదివారం లోపు చెప్పండి. లేకపోతే 'సరే' అని ఒక్క మాట పెట్టండి, టికెట్లు తీస్తాను."